తడి గుళికలు - తూకమున లాభము, పొయ్యిలో నష్టము

ఊకను, వేరుసెనగ పొట్టును అదిమి చేసిన గుళికలను పొయ్యిలకు వాడుట మంచిదే. కాని తూకము నిండినంతమాత్రమున వేడి నిండదు. ఎండిన ఊక కిలోకు సుమారు 3,000 కిలోకేలరీల వేడి నిచ్చును. అందు చేరిన నీరు ఆవిరియగుటకు కిలోకు 540 కిలోకేలరీలకు పైగా హరించును, పొగయు హెచ్చును. మఱియు ఊకలో ఇంచుమించు ఐదవవంతు బూడిదయే. వేరుసెనగ పొట్టున అది మిక్కిలి తక్కువ. రెంటికి నొక్కటే ధర కట్టుట న్యాయము కాదు.

నీరు చల్లి తూకము పెంచువాడు తోడి సభ్యుని పొయ్యిలోనే నీరు పోయుచున్నాడు. కావున సంఘము సరకు కొనునపుడు అందు కొంత తీసి తూచి, బాగుగా నెండబెట్టి, మరల తూచి, తగ్గిన బరువుకొలది వెల తగ్గింపవలెను. ఈ కట్టుబాటు మొదట కొందఱికి కష్టముగా తోచవచ్చును. అయినను నమ్మకము నిలిచిననే సంఘము నిలుచును.