గళ్లు నింపడం ఒంటరి పని కాదు

దినపత్రికలో వచ్చే పజిల్ గురించి మన ఇళ్లలో ఒక తీర్పు ఎప్పుడో స్థిరపడిపోయింది. పెన్ను పట్టుకుని కూర్చున్న మనిషి ఎవరినీ అడక్కుండా, నిఘంటువు ముట్టుకోకుండా గళ్లన్నీ సొంతంగా నింపితేనే గొప్పట. పక్కవాళ్లను అడిగితే కాపీ కొట్టినట్టేనట. పరీక్ష హాలు నియమాలను తెచ్చి పొద్దుటి కాఫీ మీద రుద్దిన ఈ అభిప్రాయాన్ని అడ్డుకున్నవారు పెద్దగా లేరు. ఇది తప్పు. తెలుగు పజిల్ విషయంలో మరీ తప్పు.

గోదావరి జిల్లాల్లో ఏ ఊరి రీడింగ్ రూములోనైనా పొద్దున్నే కాసేపు కూర్చుంటే ఇలాంటి మాటలు చెవిన పడతాయి.

“మాస్టారూ, అడ్డం 9 చూశారా? ‘ఒట్టు పక్కన గట్టు, కాటన్ దొర కట్టించింది’. నాలుగక్షరాలండి.”

“దొర కట్టించింది ఆనకట్టే కదండీ.”

“అది తెలుసండి. మధ్యలో ఈ ఒట్టెందుకొచ్చిందీ అని.”

“ఒట్టంటే ఆన. గట్టంటే కట్ట. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.”

“ఆయ్! అదా సంగతి.”

ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన ఆనకట్ట డెల్టాలో బడిపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి జవాబు మొదటి మనిషికి ముందే తట్టింది, గళ్లు నిండిపోయాయి. ఆధారం మాత్రం విడలేదు. అది విడింది రెండో మనిషి నోరు విప్పాకే. ఎవరినీ అడక్కూడదన్న నియమం పాటించి ఉంటే ఆయన నాలుగు గళ్లూ నింపేసి, ఆ ఆధారంలోని నేర్పంతా వదిలేసి, అడ్డం 10కి వెళ్లిపోయేవాడు. అలా నింపిన పజిల్‌ను పూర్తిచేసినట్టు ఎలా లెక్కపెట్టాలి?

గళ్ల రూపం మనకు బయటి నుంచి వచ్చిన మాట నిజం. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేయించిన పజిల్‌తో ఈ ఆట మొదలైందని చెబుతారు. కానీ మాటల చిక్కుముడిని నలుగురి ఎదుట వేసి నలుగురి ఎదుట విప్పే అలవాటు మనకు అవధానం రూపంలో అంతకుముందే ఉంది. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రిది రాజమండ్రి పక్కన కడియం. ఈ డెల్టాలో పుట్టిన ఆ ఇద్దరే అవధానాన్ని ఊరూరా తిప్పి జనంలోకి తెచ్చారు.

ఆ అవధానంలో వ్యస్తాక్షరి అనే అంశం ఉంది. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, ‘ఏడో అక్షరం ఇది, రెండోది ఇది’ అంటూ సభ నడుస్తుండగా మధ్యమధ్యలో అందిస్తాడు. అవధాని ఏ అక్షరాన్ని ఆ స్థానంలో మనసులోనే ఉంచుకుని, చివరికి వాక్యమంతా అప్పజెబుతాడు. గీతలు గీయకుండానే గళ్లు నింపడం ఇది. ఇక సమస్యాపూరణం చూడండి. వినగానే అసంబద్ధంగా తోచే పాదం ఒకటి ఇస్తారు. పదాన్ని మరోచోట విరిస్తే, దానికి ముందు ఒక అక్షరం చేరిస్తే అర్థం కుదురుతుంది. గూఢంగా రాసే పజిల్ ఆధారానికి ప్రాణం ఆ విరుపే. ధారణ అవధానిదే, కానీ విరుపు అర్థమైన క్షణంలో సభంతా ఒక్కసారి కదులుతుంది. తెలిసినవాడు తెలియనివాడికి అక్కడికక్కడే చెబుతాడు. దాన్ని కాపీ అని ఎవరూ అనలేదు.

తెలుగు గడి స్వభావం కూడా పక్కమనిషిని కోరుతుంది. మన పజిల్‌లో ఒత్తు, గుణింతం, సున్నా అన్నీ కలిపి ఒక్క గడిలో కూర్చుంటాయి. ‘స్త్రీ’ ఒకే గడి. ‘రాజమహేంద్రవరం’ ఏడు గళ్లు. ఇంగ్లీషు గడిలో పడేది 26 అక్షరాల్లో ఒకటి. తెలుగు గడిలో పడగలిగినవి గుణింతాలూ సంయుక్తాలూ కలిపి వందల కొద్దీ. అడ్డం మాటలో ‘ద్ర’ ఉంటే దాన్ని దాటే నిలువు మాటలోనూ అచ్చంగా ‘ద్ర’ కావాలి, ‘ద’ పనికిరాదు, ‘ద్రా’ పనికిరాదు. అందువల్ల ఒక మాట ఇంకో మాటను దాటే చోట్లు దొరకడం కూర్చేవారికి కష్టం. దాటే గళ్లు తగ్గేకొద్దీ నింపేవారికి కాగితం మీది సాయం తగ్గుతుంది. ఆ లోటు తీర్చగలిగింది మనిషే.

శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’లు కూర్చాడు, ఆరుద్ర ‘గళ్ల నుడికట్లు’ కూర్చాడు. అంతటి కవులు పెట్టే తిరకాసులు ఒక్క బుర్రకు లొంగాలని ఆశించడం అత్యాశ.

ఒక్క బుర్రలో తెలుగంతా ఉండదు కూడా. పిఠాపురం మహారాజా పోషణలో, ముక్తేశ్వరం వాడైన జయంతి రామయ్య పంతులు ఆధ్వర్యంలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. ఎందరో పండితులు ఏళ్ల తరబడి కూర్చుని తేల్చిన పుస్తకమది. గ్రాంథికం వైపు నిలబడినవారి కృషి కనుక అందులో కావ్యాల మాటలకే పెద్దపీట. పొలం మాటలూ, రేవు మాటలూ, తోట మాటలూ కావాలంటే వాటితో బతికేవారినే అడగాలి. ‘కోనసీమ రైతు తోటలో చేయించేది, తలమీది మూట బరువెక్కితే కూలి కోరేది (2)’ అన్న ఆధారం చూడండి. ‘దింపు’ అని కొబ్బరి రైతుకు చప్పున తడుతుంది. చెట్టు మీది కాయలు కోయించడాన్ని అక్కడ రోజూ అనే మాటే అది. తోట ముఖం చూడని సంస్కృత పండితుడికి ఎంతకీ తట్టకపోవచ్చు. అదే ‘కోయిల వెనుదిరిగితే కోతి (2)’ అన్నచోట రైతు ఆగిపోతే, పికాన్ని తిప్పి కపిని చేసి చూపించేది ఆ పండితుడే. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఇద్దరికీ లాభం.

ఒంటరి ప్రతిభే గొప్పదనేవారు తరచుగా బ్లెచ్లీ పార్క్ కథ చెబుతారు. 1942 జనవరిలో లండన్ డైలీ టెలిగ్రాఫ్ పత్రిక 12 నిమిషాల్లో పజిల్ పూర్తిచేసే పోటీ పెట్టింది. పాల్గొన్నవారిలో కొందరిని ప్రభుత్వం పిలిచి బ్లెచ్లీ పార్క్‌లో యుద్ధకాలపు రహస్య సంకేతాలు ఛేదించే పనిలో పెట్టింది. కథ నిజమే. కానీ ఆ తర్వాత బ్లెచ్లీలో జరిగింది ఏమిటి? వేలమంది జట్లుగా పనిచేశారు. ఒకరు పట్టుకున్న కొస ఇంకొకరికి అందించారు. పోటీ ఒంటరిదే కావచ్చు, సంకేతాలను విప్పింది జట్లే.

పక్కవాళ్లను అడిగితే మెదడుకు పదును పోతుందన్నది ఇంకో వాదన. పజిల్ చేస్తే మతిమరుపు రాదన్న మాటకు తిరుగులేని రుజువేదీ లేదు. వయసు మళ్లినవారు నలుగురితో మాట్లాడుతూ ఉండాలని మాత్రం వైద్యులు చెబుతూనే ఉన్నారు. మెదడు పేరు చెప్పి ఆ మాటలకే అడ్డుపడటం ఏం న్యాయం?

ఒంటరిగానే నింపాలన్న వాదనలో ఒప్పుకోవలసిన ముక్క ఒకటుంది. ఆలోచించేవాడి భుజం మీంచి తొంగిచూసి జవాబు అరిచేవాడు ఆట చెడగొడతాడు. అది నిజంగానే తప్పు. అయితే జవాబు చెప్పేయడం వేరు, దారి చూపడం వేరు. ‘ఒట్టుకు ఇంకో మాట ఆలోచించండి’ అంటే ఎదుటివాడి సంతోషం చెక్కుచెదరదు. ఫోన్‌లో వెతికితే మాట దొరుకుతుంది, దారి చాలాసార్లు దొరకదు.

చాలా పత్రికలు మర్నాడు జవాబుల గళ్లు మాత్రమే అచ్చువేసి ఊరుకుంటున్నాయి. ఏ ఆధారం ఎందుకు అలా విడిందో కఠినమైన రెండు మూడింటికైనా ఒక్కో వాక్యం రాస్తే అంగుళం జాగా చాలు. కూర్చినవారి నేర్పు కూడా అప్పుడే పాఠకుడికి తెలుస్తుంది. సంపాదకులు ఆ అంగుళం ఇవ్వాలి. పాఠకులు అడగడానికి సిగ్గుపడకూడదు. రేపు నిలువు 4 దగ్గర ఆగిపోతే, పక్కింటివారిని పిలిచి అడగండి.