గూడబాతుల్ని తోలండి, చంపకండి

దాళ్వా నాట్లు అయిపోయి ఒకరోజు తీరిక దొరికింది. మనవడిని బండెక్కించుకుని ఏలూరు నుంచి కొల్లేరు మీదుగా కైకలూరు పక్కన ఆటపాక వెళ్లొచ్చాను. పెదఎడ్లగాడి వంతెన దగ్గర ఆగి ఆగి చూశాం, ఎటు చూసినా కొంగలే. ఆటపాకలో బోటెక్కాం. చెరువు మధ్యలో ఇనుప స్టాండ్ల మీద గూడబాతుల గూళ్లు. పిల్ల, తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేప తింటోంది. మావాడు పది నిమిషాలు నోరు మెదపలేదు, వాడి జన్మలో అదే మొదటిసారి!

ఈ పిట్టంటే మనకి కోపమండీ, చెరువులో చేప తినేస్తుందని. తింటుంది, కాదనను. మా తమ్ముడికీ రెండెకరాల చెరువుంది, టపాకాయలు కాలుస్తాడు. కానీ ఒకటి ఆలోచించండి. కొల్లేరుని అభయారణ్యం అన్నది 1999లో, రామ్‌సర్ జాబితాలో చేర్చింది 2002లో. పిట్టలు అంతకు ఎన్నో తరాల ముందునుంచీ ఉన్నాయి. అవి దిగే పల్లపు నీళ్లకి గట్లేసింది మనమే. ఇంకెక్కడికి పోతాయి?

తోలుకోండి, తప్పులేదు. చెరువు మీద కనపడని సన్న నైలాన్ దారాలు మాత్రం కట్టకండి. రెక్క తెగి చచ్చిన పిట్టని నా చేత్తోనే విడదీశాను. తప్పదనుకుంటే దారానికి మూరకో గుడ్డపీలిక కట్టండి, దూరం నుంచే చూసి పక్కకి తిరుగుతుంది. మా తమ్ముడు మొన్న పాత చీర ఒకటి చింపాడు. మరదలు ఇంకా తిడుతూనే ఉందనుకోండి.