పంచే చేతులు మనవైనప్పుడు

వాడల నుంచి యూరప్‌కు చదువుకు పోయిన పిల్లలు ఇప్పుడు కొద్దిమందైనా ఉన్నారు. మేము పాఠం చెప్పినోళ్లూ అందులో ఉన్నారు. సెలవుల్లో గ్రీసు చూసొస్తామనీ, అక్కడి శరణార్థుల కేంద్రంలో కొన్నాళ్లు పనిచేస్తామనీ రాస్తున్నారు. సంతోషం, పోండి. అయితే ఒక్క మాట. తరతరాలుగా మనం చెయ్యి చాపే వైపే ఉన్నాం. ఇప్పుడు పంచే వైపు నిలబడబోతున్నాం. అక్కడ ఎట్లా నిలబడతామన్నదే ప్రశ్న.

టర్కీ ఒడ్డు నుంచి గ్రీసువాళ్ల లెస్బోస్ దీవికి కొన్నిచోట్ల పది కిలోమీటర్లు కూడా లేదు. పాస్‌పోర్టు, వీసా ఉన్నోడు టికెట్టు కొని పెద్ద పడవలో దర్జాగా దిగుతాడు. యుద్ధంలో ఇల్లు పోగొట్టుకున్న సిరియావాడు దళారికి వెయ్యి డాలర్లు పోసి రబ్బరు పడవెక్కాలె. విమానం ఎందుకెక్కడు? కాగితాల్లేనోణ్ణి ఎక్కించుకున్న కంపెనీకి జరిమానా వెయ్యాలని యూరప్ 2001లోనే కట్టడి చేసింది గనక. 2015లో 8 లక్షలకు పైగా జనం సముద్రం దాటి గ్రీసు చేరారు. చేరనోళ్లూ ఉన్నారు. ఆ సెప్టెంబరులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన పసివాడు అలాన్ కుర్దీ శవాన్ని చూసి లోకం ఏడ్చింది. ఏడు నెలలు తిరక్కుండానే, 2016 మార్చి నాటికి, వచ్చినోళ్లను తిప్పి పంపే ఒప్పందం టర్కీతో కుదిరింది. ఇది తలరాత కాదు. కాగితం మీద రాసిన వెలి.

లెస్బోస్‌లో మోరియా క్యాంపు సుమారు 3 వేల మందికి సరిపోయేది. 2020 మొదట్లో అక్కడ, చుట్టుపక్కల తోటల్లో సుమారు 20 వేల మంది ఉన్నారు. అన్నానికి గంటల తరబడి లైను. ఆ సెప్టెంబరులో క్యాంపు తగలబడిపోయింది. లైనంటే ఏమిటో మనకొకరు చెప్పాలా? హాస్టల్లో పళ్లెం పట్టుకొని నిలబడి చదువుకున్నోళ్లం. వడ్డించేవాడి చూపు అన్నం కంటే ముందు కడుపులోకి దిగుతుంది. ఆ చూపు మన కళ్లల్లోకి రాకూడదు. వాళ్లను అడక్కుండా ఫోటోలు తియ్యకండి. వారం రోజులకు పోయి పిల్లలకు పాఠాలు మొదలుపెట్టకండి. మధ్యలో వదిలిపోయే పంతులు వాళ్లకెందుకు? గిన్నెలు తోమండి, బట్టలు సర్దండి.

ఇంకో దారీ ఉంది. ఏథెన్స్‌లో మూతపడ్డ సిటీ ప్లాజా హోటల్‌ను 2016 ఏప్రిల్‌లో ఉద్యమకారులు, శరణార్థులు కలిసి ఆక్రమించారు. సుమారు 400 మంది. వంట, ఊడ్పు, కాపలా వంతులేసుకున్నారు. సభలు పెట్టుకొని నిర్ణయాలు చేశారు. 2019 జూలై దాకా నిలబెట్టారు. సిరియా అమ్మాయి సారా మర్దీనీ 2015లో మునిగిపోతున్న పడవ పక్కన ఈదుతూ లెస్బోస్ చేరింది. తర్వాత అక్కడికే సాయానికి తిరిగొచ్చింది. 2018లో పట్టుకొని వంద రోజులకు పైగా జైల్లో పెట్టారు. పాతబట్టలు పంచితే మెచ్చుకునే రాజ్యం, దరి చేర్చితే కేసు పెడుతుంది.

అంటరానితనం పోగొడతామని 1932లో పెద్దలు సంఘం పెట్టినప్పుడు బాబాసాహెబ్ లండన్ పోతూ ఓడలోంచి ఉత్తరం రాశారు. ఒక్కొక్కరిని ఉద్ధరించే సేవ కాదు, బావి మీద, బడి మీద హక్కు కోసం కొట్లాడండన్నారు. పనిచేసేవాళ్లు అంటరానివాళ్లలోంచే రావాలన్నారు. వాళ్లు వినలేదు. ఆయన బయటికొచ్చారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కేంద్రంలో అడుగుపెట్టగానే అడగండి: ఇక్కడ నిర్ణయాలు చేసేచోట శరణార్థి కూర్చున్నాడా? కూర్చుంటే, ఆయన చెప్పిన పని చెయ్యండి. లేకుంటే, ఎందుకు లేడని గట్టిగా అడగండి. పంచేచోట మన చెయ్యి ఉంటే చాలదు, తీసుకునేవాడి మాట కూడా ఉండాలె.