ఓడితే క్వార్టర్‌బ్యాక్ దొరుకుతాడా?

2023 జనవరి 8, ఇండియానాపొలిస్. ఆట ముగియడానికి నిమిషం మిగిలింది. హ్యూస్టన్ టెక్సన్స్ 24–31తో వెనకబడి ఉంది. నాలుగో ప్రయత్నం. 20 గజాలు ముందుకు పోకపోతే బంతి ప్రత్యర్థి ఇండియానాపొలిస్ కోల్ట్స్ చేతికి వెళ్లిపోతుంది, ఆట అక్కడితో సరి. క్వార్టర్‌బ్యాక్ డేవిస్ మిల్స్ బంతిని ఎండ్‌జోన్‌లోకి విసిరాడు, జోర్డాన్ ఏకిన్స్ అందుకున్నాడు. 28 గజాల టచ్‌డౌన్. కిక్ కొట్టి ఒక్క పాయింటుతో స్కోరు సమం చేసుకోవచ్చు. కోచ్ లవీ స్మిత్ దానికోసం చూడలేదు, గెలుపు తేల్చే రెండు పాయింట్ల ప్రయత్నానికే దిగాడు. మళ్లీ మిల్స్ విసిరాడు, మళ్లీ ఏకిన్సే పట్టాడు. 32–31.

ఆ సీజన్‌లో హ్యూస్టన్‌కు అది మూడో గెలుపు. ఓడి ఉంటే లీగ్‌లో అట్టడుగున నిలిచి డ్రాఫ్టులో తొలి పిక్ దక్కించుకునేది. గెలవడంతో ఆ పిక్ షికాగో బేర్స్‌కు పోయింది. అదే రాత్రి స్మిత్ ఉద్యోగమూ పోయింది. గెలిచినందుకు బాధపడ్డ అభిమానులు హ్యూస్టన్‌లో ఆ రోజు చాలామందే ఉన్నారు.

ఐపీఎల్ చూస్తూ పెరిగినవాళ్లకు ఈ బాధ అంత తొందరగా ఎక్కదు. అక్కడ వేలంలో ఖర్చు పరిమితి అందరికీ ఒక్కటే. ఆఖరున నిలిచినందుకు విడిగా ఏమీ ముట్టదు. 2008లో చివరి స్థానంలో ఉన్న మన డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు గెలిచింది, కానీ అది ఆ చివరి స్థానం చేసిన మేలు కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్ధతి వేరు. కాలేజీల్లో ఆడి వచ్చే కుర్రాళ్లను డ్రాఫ్టులో జట్లు వరసగా ఎంచుకుంటాయి, ఎక్కువ ఓడిన జట్టుకు ముందు అవకాశం. ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్ చేసిన ప్రతిపాదన ఇది. తొలి డ్రాఫ్టు 1936లో జరిగింది. డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోకుండా, పడిపోయినవాడు లేవడానికి ఒక చెయ్యి అందించాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అయితే పడిపోయినవాడికి సాయం దొరికే చోట కావాలని పడిపోవాలన్న ఆలోచన కూడా పుడుతుంది. కావాలని ఓడాలా వద్దా అన్న ఈ ట్యాంకింగ్ వాదన డాలస్ పక్కన ఫ్రిస్కోలో, న్యూజెర్సీలో పెరుగుతున్న మన తెలుగు పిల్లలకు కొత్తేమీ కాదు. ప్రతి డిసెంబరులోనూ ఏదో ఒక ఊరి జట్టు చుట్టూ అది లేస్తుంది.

ఓటమిని సమర్థించేవాళ్ల మాట తీసిపారేయదగ్గది కాదు. ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌కు సాటి వచ్చే స్థానం ఇంకొకటి లేదు. దాదాపు ప్రతి ఎత్తుగడా అతని చేతి మీదుగానే నడుస్తుంది. మంచివాడు దొరికితే పదేళ్లు, పదిహేనేళ్లు జట్టు నిలబడుతుంది. 1997లో 3 గెలుపులు, 13 ఓటములతో మిగిలిన కోల్ట్స్‌కు 1998లో తొలి పిక్‌గా పేటన్ మానింగ్ దొరికాడు. 2019లో రెండే గెలిచిన సిన్సినాటి బెంగాల్స్‌కు జో బర్రో దొరికాడు. రెండో ఏడాదికే వాళ్లు లీగ్ తుదిపోరు సూపర్ బౌల్ ఆడారు.

దీనికితోడు డబ్బు లెక్క ఒకటుంది. నా దృష్టిలో ఈ పక్షానికి అదే అసలు బలం. 2010లో తొలి పిక్‌గా వచ్చిన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌తో ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో ఆటగాళ్ల సంఘంతో కొత్త ఒప్పందం వచ్చి కొత్తవాళ్ల జీతాలకు కళ్లెం వేసింది. ఆ ఏడాది తొలి పిక్ కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు దక్కింది దాదాపు 2.2 కోట్లు. అనుభవమున్న పెద్ద క్వార్టర్‌బ్యాక్ ఒక్క ఏడాదికే ఇప్పుడు అంతకు రెట్టింపు పైనే తీసుకుంటున్నాడు. జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉన్న లీగ్‌లో, చవగ్గా దొరికిన మంచి క్వార్టర్‌బ్యాక్ అంటే మిగిలిన డబ్బుతో మంచి లైన్‌మన్లు, మంచి డిఫెన్స్.

గెలిచి నష్టపోయిన ఉదాహరణలూ ఉన్నాయి. 2020లో న్యూయార్క్ జెట్స్ వరసగా 13 ఓడింది. ట్రెవర్ లారెన్స్ వాళ్లకే అని ఊరంతా అనుకుంటున్న సమయంలో డిసెంబరు 20న లాస్ ఏంజెలెస్ రామ్స్‌ను 23–20తో ఓడించింది, ఆ తర్వాత క్లీవ్‌లాండ్‌నూ ఓడించింది. తొలి పిక్ జాక్సన్‌విల్‌కు పోయింది. జెట్స్ రెండో పిక్‌తో జాక్ విల్సన్‌ను తీసుకుంది. మూడు సీజన్లు తిరిగేసరికి అతన్ని వదిలించుకోవాల్సి వచ్చింది. ఆ రెండు గెలుపులు జెట్స్‌కు ఏమిచ్చాయని అడిగితే చెప్పడం కష్టం. ఆ ఏడాది కోచ్ కూడా మిగల్లేదు.

ఇంతవరకూ విన్నవాళ్లకు ఓడటమే తెలివి అనిపిస్తుంది. కానీ కాన్సస్ సిటీ చీఫ్స్ చరిత్ర కాస్త నిదానంగా చూడాలి. నాకు ఈ విషయంలో దాన్ని మించిన పాఠం కనబడలేదు.

2012లో చీఫ్స్ 2 గెలిచి 14 ఓడింది. లీగ్‌లో అట్టడుగు. చేతిలో తొలి పిక్, అవసరం క్వార్టర్‌బ్యాక్. కానీ 2013 డ్రాఫ్టులో తొలి పిక్‌కు తగిన క్వార్టర్‌బ్యాక్ ఎవరికీ కనబడలేదు. తొలి రౌండ్ మొత్తంలో ఎంపికైనవాడు ఒక్కడే, అదీ 16వ స్థానంలో. చీఫ్స్ ఎరిక్ ఫిషర్ అనే లైన్‌మన్‌ను తీసుకుని, క్వార్టర్‌బ్యాక్ కోసం శాన్ ఫ్రాన్సిస్కోతో బేరమాడి అలెక్స్ స్మిత్‌ను తెచ్చుకుంది. ఈ స్మిత్ ఎవరు? 2004లో ఇదే మాదిరిగా 2 గెలిచి 14 ఓడిన శాన్ ఫ్రాన్సిస్కో 2005లో తీసుకున్న తొలి పిక్. అదే డ్రాఫ్టులో ఆరన్ రాడ్జర్స్ 24వ స్థానం దాకా ఎదురుచూస్తూ కూర్చున్నాడు. అంటే ఒక జట్టు అట్టడుగుకు పోయి కూడా తన ముందున్న ఇద్దరిలో గొప్పవాణ్ని గుర్తుపట్టలేకపోయింది. ఇంకో జట్టు అట్టడుగుకు పోయిన ఏడాది గుర్తుపట్టడానికి ఎవరూ లేరు.

మరి చీఫ్స్‌కు ప్యాట్రిక్ మహోమ్స్ ఎప్పుడు దొరికాడు? 2016లో 12 గెలిచి 4 ఓడిన తర్వాత. 27వ స్థానంలో ఉండి, మరుసటి ఏడాది తొలి రౌండ్ పిక్‌ను, ఒక మూడో రౌండ్ పిక్‌ను బఫెలోకు ఇచ్చి పదో స్థానానికి ఎగబాకి తీసుకుంది. ఇంట్లో స్మిత్ ఉన్నాడు కాబట్టి మహోమ్స్‌ను మొదటి ఏడాదంతా తొందర లేకుండా నేర్చుకోనిచ్చింది. బాగా ఆడుతున్న జట్టు, ఓపికున్న కోచ్, ధైర్యంగా చేసిన బేరం. ఓటమితో పని పడలేదు.

లామార్ జాక్సన్ 32వ స్థానంలో దొరికాడు, టామ్ బ్రాడీ 199వ స్థానంలో. అయితే ఇలాంటి పేర్లు ఏకరువు పెట్టి వాదన ముగించడం న్యాయం కాదు. 199లో బ్రాడీ దొరికాడని ఎవరూ 199 కోసం కాచుకుని కూర్చోరు. ఒక్కో స్థానం విడిగా తూచి చూస్తే గొప్ప క్వార్టర్‌బ్యాక్ దొరికే ఆశ మొదటి స్థానంలోనే ఎక్కువ. నేను కాదనను. నా అభ్యంతరం ఆ ఆశను హామీగా చెప్పడం మీద. సూపర్ బౌల్ కాలంలో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్టు తొలి పిక్‌గా వచ్చి, తనను ఎంచుకున్న జట్టుకే కప్పు తెచ్చిన క్వార్టర్‌బ్యాక్‌లుగా నాకు కనబడేది ముగ్గురు: టెరీ బ్రాడ్‌షా, ట్రాయ్ ఐక్‌మన్, పేటన్ మానింగ్. జాన్ ఎల్వే, ఈలై మానింగ్, మాథ్యూ స్టాఫర్డ్ కూడా తొలి పిక్‌లే, కప్పులూ గెలిచారు, కానీ వేరే జట్ల చొక్కాల్లో.

ఓటమి ఇంకో నష్టం చేస్తుంది. తొలి పిక్ కోసం ఖాళీ చేసిన ఇంట్లోకే ఆ కుర్రాడు అడుగుపెట్టాలి. తనను కాపాడే ముందు లైన్ సరిగ్గా లేకపోతే ఎంత ప్రతిభ ఉన్నా నేల మీదే ఉంటాడు. ఆండ్రూ లక్ సంగతి చూడండి. 2011లో పేటన్ మానింగ్ మెడ శస్త్రచికిత్సతో సీజనంతా దూరమైతే కోల్ట్స్ 2–14తో ముగించింది. రామ్స్‌దీ అదే లెక్క. ప్రత్యర్థుల బలాబలాలు లెక్కగట్టి తొలి పిక్ కోల్ట్స్‌కిచ్చారు. వచ్చిన లక్ నిజంగా అసాధారణమైన ఆటగాడు, మొదటి మూడేళ్లూ ఏడాదికి 11 గెలుపులు తెచ్చాడు. కానీ దెబ్బ మీద దెబ్బ తిని, భుజం గాయంతో 2017 సీజన్ మొత్తం పోగొట్టుకుని, 2019 ఆగస్టులో 29 ఏళ్లకే ఆట వదిలేశాడు. సరైన మనిషి సరైన పిక్‌లో దొరికాక కూడా ఇలా జరిగింది. ఆ రోజు అభిమానుల ఎగతాళి కేకల మధ్య మైదానం విడిచి వెళ్లిన అతన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అసలు కావాలని ఓడేది ఎవరు? ఆటగాళ్లు కాదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చాలామంది ఒప్పందాలకు పూర్తి గ్యారంటీ ఉండదు. మార్చిలో ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసేయాలో డిసెంబరు వీడియో చూసి తేలుస్తారు. వచ్చే ఏటి క్వార్టర్‌బ్యాక్ కోసం ఈ ఏడు తన మోకాలు పణంగా పెట్టి చేతకానివాడిలా ఆడమంటే ఏ బ్లాకర్ ఒప్పుకుంటాడు? కోచ్‌లూ కాదు. క్లీవ్‌లాండ్‌లో 2016, 2017 కలిపి 1 గెలిచి 31 ఓడిన హ్యూ జాక్సన్‌కు ఆ మచ్చ వదల్లేదు. ఆ ఓటములతో వచ్చిన 2018 తొలి పిక్ బేకర్ మేఫీల్డ్ తొలి సీజన్ సగంలో ఉండగానే అతన్ని తీసేశారు. ఓడినవాడు ఒకడు, పంట కోసుకునేవాడు మరొకడు.

కాబట్టి మిగిలేది యాజమాన్యం. ఇక్కడ రెండు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి, వాటిని విడదీయాలి. 2023లో వాషింగ్టన్ కమాండర్స్ సీజన్ మధ్యలో తన ఇద్దరు పేరున్న డిఫెన్స్ ఆటగాళ్లు మాంటెజ్ స్వెట్, చేజ్ యంగ్‌లను పిక్‌ల కోసం అమ్మేసింది. మిగిలినవాళ్లు గెలవాలనే ఆడారు, చివరి ఎనిమిదీ ఓడిపోయారు. రెండో పిక్‌తో జేడన్ డానియెల్స్ వచ్చాడు. మరుసటి ఏడాది 12 గెలుపులు, కాన్ఫరెన్స్ ఫైనల్. ఇందులో నాకు తప్పేమీ కనబడదు. ఈ ఏడు పండదని తెలిసిన యజమాని వచ్చే ఏటికి సిద్ధపడ్డాడు, అంతే.

ఆడుతున్నవాణ్ని ఓడమనడం వేరు. మయామీ కోచ్‌గా చేసిన బ్రయన్ ఫ్లోరెస్ 2022లో కోర్టుకెక్కి, 2019లో ఒక్కో ఓటమికి లక్ష డాలర్లు ఇస్తానని యజమాని స్టీఫెన్ రాస్ అన్నాడని ఆరోపించాడు. రాస్ ఖండించాడు. లీగ్ విచారణలో కావాలని ఓడినట్టు తేలలేదు. అయితే రికార్డుకన్నా డ్రాఫ్టు స్థానం ముఖ్యమని రాస్ పలుమార్లు అన్నట్టు మాత్రం తేలింది. రాస్‌కు పడిన జరిమానా, సస్పెన్షన్ వేరే జట్ల మనుషులతో నిబంధనలకు విరుద్ధంగా మంతనాలు జరిపినందుకు. ఫ్లోరెస్ జట్టు ఆ ఏడాది మొదటి ఏడూ ఓడి, ఆ తర్వాత అయిదు గెలిచింది. అందులో ఒకటి సిన్సినాటి మీదే, ఓవర్‌టైమ్‌లో 38–35తో. ఆ ఆటతోనే బర్రో సిన్సినాటికి ఖాయమయ్యాడు. మయామీ అయిదో పిక్‌తో టువా టాగోవైలోవాను తీసుకుంది. బర్రో మేలా, టువా మేలా అని అడిగితే బర్రో అనే అంటాను. అయినా ఆ అయిదు ఆటలు గెలవకుండా ఉండాల్సిందని మాత్రం అనలేను. టికెట్టు కొన్నవాడికి, ఒళ్లు హూనం చేసుకుని ఆడినవాడికి ఆ జట్టు బాకీపడ్డది అదే.

బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలాగా లాటరీ పెట్టాలనేవాళ్లున్నారు. అక్కడ 1985 నుంచీ ఉంది. 2019 నుంచి అట్టడుగు మూడు జట్లకూ తొలి పిక్ అవకాశం 14 శాతం చొప్పున సమానం చేశారు. అయినా ఓటమి మోజు తగ్గలేదు. ఫుట్‌బాల్‌లో 17 ఆటలే కాబట్టి ఒక్క ఫలితమే స్థానాలను తారుమారు చేస్తుంది. చివరి వారం ఒత్తిడి తగ్గించడానికి ఒక చిన్న లాటరీ పనికొస్తుందనే నాకనిపిస్తుంది.

ఇండియానాపొలిస్ ఆట తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. బేర్స్ ఆ తొలి పిక్‌ను కరోలైనా పాంథర్స్‌కు అమ్మింది, పాంథర్స్ బ్రైస్ యంగ్‌ను తీసుకుని ఆ ఏడాది రెండే గెలిచింది. రెండో పిక్‌తో హ్యూస్టన్‌కు సి.జె. స్ట్రౌడ్ దొరికాడు. డివిజన్ గెలిపించాడు, ఆ ఏటి మేటి కొత్త ఆటగాడయ్యాడు. ఆ రోజు ఓడిన కోల్ట్స్ నాలుగో పిక్‌తో తెచ్చుకున్న ఆంథొనీ రిచర్డ్‌సన్ నిలదొక్కుకోలేకపోయాడు. ఇది అదృష్టమే తప్ప రుజువు కాదు. తొలి పిక్ చేతిలో ఉంటే హ్యూస్టన్ ఎవరిని తీసుకునేదో ఎవరూ చెప్పలేరు.

ఫిలడెల్ఫియా కథ ఇంతకన్నా మెలికలున్నది. 2020 సీజన్ ఆఖరి ఆట. వాషింగ్టన్‌తో ఈగల్స్ 14–17తో మూడే పాయింట్లు వెనకబడి ఉండగా, నాలుగో క్వార్టర్‌లో కోచ్ డగ్ పీడర్సన్ కొత్త కుర్రాడు జేలెన్ హర్ట్స్‌ను పక్కనబెట్టి, మూడో క్వార్టర్‌బ్యాక్ నేట్ సడ్‌ఫెల్డ్‌ను దింపాడు. బంతి రెండుసార్లు అవతలివాళ్ల పాలైంది. 14–20తో ఓటమి, ఆరో పిక్. ఈ ఫలితంతో ప్లేఆఫ్స్ పోగొట్టుకున్న న్యూయార్క్ జెయింట్స్ మండిపడింది, దేశమంతా తిట్టింది, కొన్నాళ్లకే పీడర్సన్ ఉద్యోగం పోయింది. ఆ ఆరో పిక్‌ను ఈగల్స్ మయామీకి ఇచ్చి 12వ పిక్‌తో పాటు మరుసటి ఏడాది తొలి రౌండ్ పిక్ సంపాదించింది. 12 నుంచి పదికి జరిగి డివాంటా స్మిత్‌ను తెచ్చుకుంది. ఓటమి నిజంగానే ఆస్తి తెచ్చిపెట్టింది. 2025 ఫిబ్రవరిలో అదే స్మిత్ సూపర్ బౌల్‌లో టచ్‌డౌన్ పట్టాడు. విసిరినవాడు ఆ రాత్రి బెంచీ మీద కూర్చోబెట్టిన హర్ట్స్, 53వ పిక్.