నాటి మల్లులు - నేటి ఆటగాండ్రు

జగ్గయ్యపేట, నందిగామ పట్టణముల పఠనమందిరములలో నలుగురు చేరినచోట నొక వాదము తఱచుగ వినవచ్చుచున్నది: వెనుకటి మల్లులును ఆటగాండ్రును గొప్పవారా, నేటివారు గొప్పవారా? ఇది వినోదమునకు మాత్రమే యైనచో దాని జోలికి మేము పోనక్కఱలేదు. కాని యీ వాదము యువజనులను కించపఱచుటకు కొందఱికి, పూర్వులను పరిహసించుటకు మఱికొందఱికి సాధనమగుచున్నది. ఇరుపక్షములవారును మఱచుచున్న కర్తవ్య మొకటి కలదు. అందుచేత నీ విషయమున మా యభిప్రాయమును దాపఱికము లేక చెప్పుచున్నాము.

మొదటి పక్షమువారు కోడి రామమూర్తి నాయుడుగారి పేరెత్తి, “ఆ జొన్నకూడు, ఆ నెయ్యి, ఆ కండలు నేడెక్కడివి?” యని నిట్టూర్తురు. రామమూర్తిగారి కీర్తిని తగ్గింప మేము తలపెట్టలేదు. వీరఘట్టమున బుట్టి, విజయనగరమున పెరిగి, ఱొమ్ము పొంగించి యినుపగొలుసులు త్రెంచి, ఏనుగును ఱొమ్ముపై నెక్కించుకొని, సర్కసు డేరాలలో జనులను విస్మయపఱచి 1942లో గతించిన యా మహామల్లుని “కలియుగ భీముడు” అనుట తగియే యున్నది. అయినను ఆ శ్రీకాకుళపు సీమయందే, ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతియందు స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, వెరసి 240 కిలోలెత్తి కంచుపతకము గొన్నది. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ వనిత యామెయే. దేహబలము వెనుకటి తరముతో గతించినదనువారు ఈ 240 కిలోలను ఏ తక్కెడలో పెట్టి తూతురు?

రెండవ పక్షమువారు అంకెలను నమ్ముకొన్నవారు. సి.కె. నాయుడుగారు టెస్టు పందెములలో చేసినవి మొత్తము 350 పరుగులు, వి.వి.ఎస్. లక్ష్మణ్ 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై ఒక్క ఇన్నింగ్సులోనే 281 పరుగులు చేసెను; ఇక పోలిక యేమని వీరి ప్రశ్న. అంకెలు సరియైనవే, వానినుండి తీసిన తీర్పే తప్పు. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టుజట్టును నడిపిన నాయుడుగారికి దొరకిన టెస్టు పందెములు ఏడు. 1936 వఱకు మన దేశము ఆడినవే ఏడు! లక్ష్మణ్‌కు దొరకినవి 134. ఏడు వానలు చూచిన చేనిని నూటముప్పదినాలుగు వానలు చూచిన చేనితో పుట్లలెక్కన పోల్చువాడు వ్యవసాయ మెఱిగినవాడు కాడు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలైనను నిండకముందే 153 పరుగులు చేసి, 11 సిక్సర్లు కొట్టిననాడు పరపాలనలో తలవంచుకొని యున్న ప్రజకు కలిగిన ధైర్యము ఏ స్కోరు పుస్తకమున కెక్కును?

పరుగుపందెముల సంగతియు నింతే. జెస్సీ ఓవెన్స్ 1936 బెర్లిన్ ఒలింపిక్సులో నూరు మీటర్లను 10.3 సెకనులలో పరుగెత్తెను. 2009లో ఆ క్రీడాంగణమునందే ఉసేన్ బోల్ట్ 9.58 సెకనులలో పరుగెత్తెను. గడియారము బోల్టు పక్షమే పలుకును. కాని ఓవెన్స్ పరుగెత్తినది బొగ్గునుసి పఱచిన బాట; కాలూనుటకు గుంటలను తానే చిన్నపారతో త్రవ్వుకొనెను. బోల్టు కాలిక్రింద నున్నది అడుగును తిరిగి పైకెగవేయు కృత్రిమపు బాట. వెనుక పాదమానించుటకు దిమ్మెలు. గడియారము కాలమును కొలచునే గాని సాధనములలోని తేడాను కొలువదు.

ఈ న్యాయము మన మెట్టసీమ రైతునకు తెలియనిది కాదు. తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పందెములు చూడనివారెవ్వరు? అచ్చట పాలపండ్ల గిత్తలకు, రెండుపండ్లవానికి, నాలుగుపండ్లవానికి, ఆరుపండ్లవానికి వేర్వేరు విభాగములు. విభాగమునకు తగిన బరువుగల బండ. అందలి జతలన్నిటికిని ఒకే గడువు. రెండుపండ్ల జతను పెద్దజతతో పోల్చి పనికిమాలిన గొడ్లని తీర్పు చెప్పువానిని చూచి తిరునాళ్ళ జనమంతయు నవ్వును. గొడ్లయెడ చూపు ధర్మమును మనుష్యులయెడ చూపరాదా?

మఱియు, కీర్తి సామర్థ్యమును మాత్రమే యనుసరించి పోవునది కాదు. కృష్ణాజిల్లా బిడ్డ జమ్మలమడక పిచ్చయ్యగారు ఉన్నిబంతితో ఆడు బాల్ బాడ్మింటన్‌లో సాటిలేని దిట్టయై 1970లో అర్జున బహుమానము పొందిరి. ఆ యాట మన పట్టణములలో వీధివీధిని ఆడినదే. ఆయన పేరు నేటి బాలురలో ఎందఱెఱుగుదురు? ధనమును ప్రసారమును ఏ యాటను వరించునో ఆ యాటగాడే వీరుడుగ కనబడుచున్నాడు. తెరమీద కనబడినవాడే గొప్పవాడను కొలత సంతలో సరకునకు చెల్లును, పౌరుషమునకు చెల్లదు.

వెనుకటివారే మిన్నయనువారి జాబితా నొకసారి చదివి చూడుడు. అందు స్త్రీ పేరొక్కటియు గానరాదు. అది శక్తిలేమివలన గాదు. తాలింఖానా గుమ్మము వారికి తెఱువబడలేదు. తెఱచిన కొలదికాలములోనే యేమి జరిగెను? గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున చదరంగమున గ్రాండ్‌మాస్టరైనది. పి.వి. సింధు 2016లో రియోలో వెండి, 2021లో టోక్యోలో కంచు తెచ్చినది. నందిగామవారు పనిమీద నిత్యము పోయివచ్చు బెజవాడ బిడ్డ జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విలువిద్యయందు మూడు స్వర్ణములు గొన్నది. దేశములో సగమును వెలుపల నిలిపి జరిపిన పోటీలను స్వర్ణయుగమని మేము అంగీకరింపజాలము.

అట్లని నేటి పక్షమువారు మీసము దువ్వుకొన నక్కఱలేదు. రెండు కాలములను ఒకచోట నిలిపి అడుగదగిన ప్రశ్న యొక్కటే: తనకు దొరకినదానిలో తరువాతివారికొఱకు ఏమి విడిచిరి? రామమూర్తిగారు వ్యాయామోపాధ్యాయులై పిల్లలకు విద్య నేర్పిరి. సి.కె. నాయుడుగారు దాదాపు అఱువదేండ్ల ప్రాయమున, 1953లో, రంజీ పోటీలలో తొలిసారి అడుగిడిన ఆంధ్రజట్టునకు నాయకులై వచ్చిరి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ తన యిల్లు కుదువబెట్టి హైదరాబాదులో శిక్షణాలయము నెలకొల్పిరి. సింధు అచ్చట తయారైనదే. కాలములు వేఱైనను వీరిది ఒకే జాతి. వీరిలో హెచ్చుతగ్గు లెంచువారు తామేమి విడుచుచున్నారో చెప్పగలరా?

ఇప్పుడు వాదులనే నిలదీయుచున్నాము. 2009 విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెనని విధించినది. మీ పిల్లలు చదువు పాఠశాలకు అది కలదా? ఉన్నచో అందు ఆటలు సాగుచున్నవా, ముండ్లచెట్లు మొలచుచున్నవా? బడిలో చెడుగుడు ఆడిన బాలిక పెద్దతరగతికి రాగానే మైదానము విడిచి యింటికేల పోవుచున్నది? సి.కె. సిక్సర్లను వేళ్ళపై లెక్కించు పెద్దలు తమ వీధి పిల్లవానికి ఒక బంతి కొనియిచ్చి ఎన్నాళ్ళైనది?

మేము కోరునవి మూడు. పురపాలక సంఘములు తమ పరిధిలోని ఆటస్థలముల నెల్లలతో కూడిన పట్టికను ప్రకటింపవలెను. పాఠశాలలవారు ఆటల గంటను పరీక్షల చదువునకు బలి యీయరాదు. ఆ గంట బాలికలకును సమముగ నుండవలెను. పఠనమందిరములవారు వాదమునకు వెచ్చించు సాయంకాలములలో వారమునకొకటి మైదానమున గడపవలెను.

పూర్వుల కీర్తి వల్లించుటచేత పెరుగదు, నేటివారి కీర్తి నిందించుటచేత తరుగదు. మునేటియొడ్డు బిడ్డ రేపు లోకమున నిలిచినప్పుడు అది మా యూరి మైదానమున మొదలైనదని చెప్పుకొను అర్హత మనకుండవలెను. ఆ మైదానము లేనిచో రామమూర్తి పేరెత్తు హక్కు ముసలివారికి లేదు. సింధు పేరెత్తు హక్కు పడుచువారికి లేదు.