కొలబద్ద మార్చిన అభిమాని

సాహిత్యాభిరుచి గల టెన్నిస్ అభిమాని అలమారలో రెండు రచనలు పక్కపక్కన ఉండాలి. ఒకటి, డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 2006లో న్యూయార్క్ టైమ్స్ వారి క్రీడాపత్రిక కోసం రోజర్ ఫెదరర్ మీద రాసిన వ్యాసం. రెండవది, రాడ్ లేవర్ 1971లో బడ్ కాలిన్స్ సహకారంతో వెలువరించిన ‘ది ఎడ్యుకేషన్ ఆఫ్ ఎ టెన్నిస్ ప్లేయర్’. మొదటిది భక్తుని రచన. రెండవది పనివాడి రచన. మొదటిదాన్ని పదిసార్లు చదివి, రెండవదాన్ని ఒక్కసారైనా తెరవని అభిమాని గురించే ఈ మాటలు. అతడు ఒక వ్యక్తి కాదు, ఒక తరహా. మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో తెలుగువారు కలుసుకునే ఏ విందులోనైనా, జనవరి నెలలో మరీ ఎక్కువగా, అతడు కనిపిస్తాడు. ఈ మధ్య అతడు ఒక పునరాలోచనలో పడ్డాడు. ప్రపంచంలో అత్యుత్తమ టెన్నిస్ ఆటగాడు ఎవరన్న ప్రశ్నకు ఇంతకాలం తాను చెప్పిన జవాబును సవరించుకుంటున్నానని అంటున్నాడు. పునరాలోచన మంచిదే. అయితే అతడు సవరిస్తున్నది జవాబును కాదు, ప్రశ్నను. అభ్యంతరం అక్కడే.

వాలెస్ ఆ వ్యాసం రాసేనాటికి ఫెదరర్ గెలిచిన గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఎనిమిదే. పీట్ సాంప్రస్ పేరిట అప్పటికి 14 ఉన్నాయి. వాలెస్‌కు ఆ లెక్క అడ్డు రాలేదు. మనిషి శరీరం ఇంత అందంగా కదలగలదా అన్న ఆశ్చర్యమే అతని వాదానికి ఆధారం. ఆనాడు మన అభిమాని కూడా సౌందర్యవాదే. కానీ టైటిళ్లు వచ్చిపడుతున్నకొద్దీ అతని భాష మారింది. 2009 వింబుల్డన్‌లో ఫెదరర్ పదిహేనవ టైటిల్ గెలిచి సాంప్రస్‌ను దాటిన రోజున, ఇక చర్చ ముగిసిందని ప్రకటించాడు. ముఖాముఖి పోటీల్లో నాదాల్‌దే పైచేయి కదా అని ఎవరైనా గుర్తు చేస్తే, ఒకరి మీద ఒకరి గెలుపులు కొలత కావు, మొత్తం టైటిళ్లే కొలత అని తేల్చేశాడు. ఆ పోరు చివరికి నాదాల్ 24, ఫెదరర్ 16గా ముగిసింది. కొలబద్దను అతని చేతిలో ఎవరూ బలవంతంగా పెట్టలేదు. తానే ఎంచుకున్నాడు, దానితోనే ఇతరులను కొలిచాడు.

ఆ తరువాత జరిగింది అందరికీ తెలుసు. 2019 వింబుల్డన్ ఫైనల్ అయిదవ సెట్‌లో 8-7 ఆధిక్యంలో, తన సర్వీస్‌లో, రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్ల దాకా వచ్చి ఫెదరర్ ఓడిపోయాడు. ఆ మ్యాచ్‌లో అతడు గెలిచిన పాయింట్లు 218, జోకోవిచ్ గెలిచినవి 204. అయినా కప్పు జోకోవిచ్‌దే. 2022లో మెల్‌బోర్న్‌లో నాదాల్ రెండు సెట్లు వెనకబడి కూడా మెద్వెదెవ్‌ను ఓడించి, ఇరవై ఒకటవ టైటిల్‌తో ఫెదరర్‌ను దాటాడు. 2023 ముగిసేసరికి జోకోవిచ్ 24కు చేరాడు. అందులో పది ఆస్ట్రేలియన్ ఓపెన్ టైటిళ్లే. ప్రపంచ ప్రథమస్థానంలో గడిపిన వారాలు 428. ముఖాముఖిలో ఫెదరర్ మీద 27-23, నాదాల్ మీద 31-29.

సరిగ్గా ఈ దశలోనే మన అభిమానికి అంకెలు నీరసంగా తోచడం మొదలైంది. కళను లెక్కపెట్టగలమా అన్నాడు. అలమారలోంచి వాలెస్ మళ్లీ బయటికి వచ్చాడు. 2022 జనవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వం జోకోవిచ్ వీసా రద్దు చేసి వెనక్కి పంపినప్పుడు, కొలబద్ద మీద మరో గీత పడింది: నడవడిక. ఆ ఉదంతం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. అది బ్యాక్‌హ్యాండ్ మీద తీర్పు కాదు. తన ఆటగాడు ముందున్నంతకాలం లెక్క, వెనకబడగానే సౌందర్యం, అదీ చాలకపోతే శీలం: దీనికి పునరాలోచన అని పేరు పెట్టడం మాటకు అన్యాయం. నిజమైన పునరాలోచన మొదటి వాక్యం ఇలా ఉండాలి: “నేను పెట్టిన పరీక్షలో నాకు నచ్చనివాడే నెగ్గాడు.” ఆ వాక్యం పలకనివాడికి రెండవ వాక్యానికి వెళ్లే అర్హత లేదు.

అంతమాత్రాన అవతలి పక్షం గెలిచినట్టు కాదు. ఇరవై నాలుగు అన్న ఒక్క అంకెతో చరిత్ర మొత్తాన్ని మూసేయవచ్చు అనుకునే జోకోవిచ్ అభిమాని కూడా అదే కొలబద్దకు బందీ. అది ఎంత పొట్టిదో తెలియాలంటే లేవర్ పుస్తకం దగ్గరికి రావాలి.

1969లో లేవర్ ఒకే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచిన ప్రయాణమే ఆ పుస్తకానికి వెన్నెముక. నడుమ నడుమ ఆటపాఠాలు. లేవర్ గెలిచిన సింగిల్స్ టైటిళ్లు మొత్తం 11. అతని సమకాలికుడు, సాటి క్వీన్స్‌లాండ్ వాడు రాయ్ ఎమర్సన్ గెలిచినవి 12. 2000లో సాంప్రస్ దాటేవరకు పురుషుల రికార్డు ఎమర్సన్‌దే. లెక్కే కొలత అయితే ఎమర్సన్ లేవర్ కన్నా గొప్పవాడు కావాలి. ఆట తెలిసినవారెవరూ ఆ మాట అనరు. కారణం సులభం. ఎమర్సన్ పన్నెండింటిలో పది 1963-67 మధ్య వచ్చినవి. ఆ అయిదేళ్లూ లేవర్‌కు ఆ టోర్నీల గుమ్మం తొక్కే హక్కు లేదు.

ఎందుకు లేదు? డబ్బు కోసం ఆడాడు గనుక. 1968 వరకు గ్రాండ్‌స్లామ్‌లు అమెచ్యూర్లకు మాత్రమే. ఆటతో బహిరంగంగా జీవనం సంపాదించుకోవాలనుకున్నవాడు వింబుల్డన్‌కు అంటరానివాడయ్యేవాడు. పేరుపొందిన అమెచ్యూర్లకు ఖర్చుల పేరిట చాటుగా డబ్బు ముట్టేది. అది అందరికీ తెలిసిన రహస్యం. ఆస్తిపరుల తీరిక కోసం పుట్టిన నియమం రాక్‌హాంప్టన్‌లో పశువుల పెంపకం మీద బతికిన కుటుంబంలోంచి వచ్చిన కుర్రవాడిని శిక్షించింది. 1963 ఆరంభం నుంచి 1968 జనవరి వరకు, 24 నుంచి 29 ఏళ్ల వయసులో, లేవర్ ఆడనివ్వకుండా పోయిన గ్రాండ్‌స్లామ్‌లు 21. కెన్ రోజ్‌వాల్ పరిస్థితి ఇంకా ఘోరం. 1956 చివర ప్రొఫెషనల్‌గా మారిన అతనికి 11 ఏళ్లు పోయాయి. అయినా 1953లో 18 ఏళ్లకు ఆస్ట్రేలియన్ టైటిల్ గెలిచినవాడు, 1972లో 37 ఏళ్లకు అదే టైటిల్ మళ్లీ గెలిచాడు. అతని ఖాతాలో ఉన్నవి ఎనిమిదే. ఆ ఎనిమిదిని 24 పక్కన పెట్టి తీసివేత చేయడం గణితం కావచ్చు, న్యాయం కాదు.

భారతీయ పాఠకునికి ఈ కథ పరాయిది కాదు. రామనాథన్ కృష్ణన్ 1961 వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో ఈ ఎమర్సన్‌నే వరుస సెట్లలో ఓడించి, సెమీఫైనల్లో ఈ లేవర్ చేతిలోనే ఓడిపోయాడు. ప్రొఫెషనల్ బృందంలోకి రమ్మని జాక్ క్రేమర్ పిలిచినా కృష్ణన్ వెళ్లలేదు. వెళ్లి ఉంటే డబ్బు దక్కేది, రికార్డు పుస్తకంలో ఆ సెమీఫైనళ్లు ఉండేవి కావు. పుస్తకంలో ఉన్న అంకె వెనక లేని అంకెలు ఎన్నో ఉంటాయి.

అయితే లేవర్ భక్తులు కూడా నిజాయితీ చూపాలి. లేవర్ 1962లోనూ నాలుగు టైటిళ్లు గెలిచాడు. కానీ ఆ ఏడాది నాలుగు చోట్లా పోటీలో ఉన్నది అమెచ్యూర్లే. మరుసటి ఏడాది ప్రొఫెషనల్‌గా అడుగుపెట్టిన లేవర్‌ను ల్యూ హోడ్, రోజ్‌వాల్ తొలి వారాల్లో వరుసగా ఓడించారు. నాలుగు కిరీటాలు పెట్టుకున్నవాడు ఆనాటికి ప్రపంచంలో అత్యుత్తముడు కాదన్నమాట. ఇదే కొలబద్ద లేవర్ చేతికీ అబద్ధం అందించింది. 1969 నాటి విజయం వేరు. అప్పటికి తలుపులు అందరికీ తెరుచుకున్నాయి. ఆస్ట్రేలియన్ సెమీఫైనల్లో, బ్రిస్బేన్ ఎండలో, టోనీ రోచ్‌తో 7-5, 22-20, 9-11, 1-6, 6-3: తొంభై గేములు. టై-బ్రేక్ ఇంకా పుట్టలేదు. వేడి తట్టుకోవడానికి టోపీ కింద తడి క్యాబేజీ ఆకులు పెట్టుకుని ఆడారు. ఆపైన ఫైనళ్లలో గిమెనో, రోజ్‌వాల్, న్యూకోంబ్, మళ్లీ రోచ్. ఆ తరువాత ఏ పురుషుడూ ఒకే ఏడాది నాలుగూ గెలవలేదు. 2021లో జోకోవిచ్ మూడు గెలిచి, నాలుగవ దాని ఫైనల్లో మెద్వెదెవ్ దగ్గర ఆగిపోయాడు. ఆ నాలుగు టోర్నీల్లో మూడు పచ్చికమీద జరిగిన కాలం అది అన్న ఆక్షేపణ సరైనదే. చెక్క రాకెట్ల కాలపు పోటీ నేటి పోటీ కాదన్నదీ సరైనదే. అందుకే లేవర్‌ను ముందుకు తెచ్చి జోకోవిచ్‌ను దింపడం ఇక్కడి ఉద్దేశం కాదు. అలా చేస్తే అదీ కొలబద్ద మార్చడమే.

ఈ టైటిళ్ల లెక్క ప్రాచీన ధర్మమేమీ కాదని కూడా గుర్తుంచుకోవాలి. బ్యోర్న్ బోర్గ్ ఆస్ట్రేలియాలో ఆడింది ఒక్కసారే, 1974లో. 11 టైటిళ్లతో, 26 ఏళ్లకే రాకెట్ కింద పెట్టాడు. ఆండ్రీ అగస్సీ మెల్‌బోర్న్‌కు మొదటిసారి వచ్చింది 1995లో. లెక్క పెంచుకోవడమే జీవితలక్ష్యమని వారు అనుకోలేదు. వారు ఆడని పోటీని వారి మీద తీర్పుగా ప్రయోగించడం ఏ న్యాయం?

అభిమాని పక్షపాతం నగ్నంగా బయటపడేది స్త్రీల ప్రస్తావన వచ్చినప్పుడు. మొదట, అత్యుత్తమ ఆటగాడు అన్నప్పుడు అతని మనసులో స్త్రీలు ఉండరు. గుర్తు చేస్తే సెరెనా విలియమ్స్ అంటాడు, 23 టైటిళ్లు. మార్గరెట్ కోర్ట్‌కు 24 ఉన్నాయి కదా అంటే, అవి లెక్కలోకి రావంటాడు: అందులో 13 ఓపెన్ యుగానికి ముందువి, 11 సొంత దేశంలో గెలిచినవి, ఆనాడు ఆస్ట్రేలియాకు వచ్చిన విదేశీ క్రీడాకారిణులు కొద్దిమందే. ఈ వాదం పూర్తిగా సమంజసం. అంటే అంకెను దాని పరిస్థితులతో కలిపి చదవడం అతనికి వచ్చు. తనకు అవసరమైనప్పుడు మాత్రమే వచ్చు. 1988లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లతో పాటు ఒలింపిక్ స్వర్ణం కూడా గెలిచిన స్టెఫీ గ్రాఫ్ పేరు అతని జాబితాలో ఎందుకు కనిపించదో అతడే చెప్పాలి.

సాహిత్యం చదివేవారికి ఈ జాడ్యం కొత్త కాదు. విశ్వనాథ సత్యనారాయణకు 1970 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. శ్రీశ్రీకి ఎన్నడూ రాలేదు. విశ్వనాథ అభిమాని దాన్ని తీర్పుగా చూపుతాడు. శ్రీశ్రీ అభిమాని పురస్కారాలు పనికిమాలినవంటాడు. ఒకవేళ పురస్కారం తారుమారై ఉంటే వాదాలూ తారుమారయ్యేవి. గురజాడ 1915లో కన్నుమూశారు. జ్ఞానపీఠ పురస్కారం తొలిసారి ఇచ్చింది 1965లో. గురజాడ జ్ఞానపీఠాల సంఖ్య సున్నా అని ఎవరైనా అంటే నవ్వుతాం. లేవర్ పదకొండు అన్నప్పుడు మాత్రం నవ్వం. ఆ సున్నా ఎంత నిజమో ఈ పదకొండూ అంతే నిజం.

మరి నిజాయితీగల అభిమాని ఏం చెప్పాలి? మూడు ప్రశ్నలను మూడుగా ఉంచాలి. ఎవరు ఎక్కువ గెలిచారు అన్నదానికి జవాబు ఉంది: పురుషుల్లో జోకోవిచ్. నాలుగు తలుపులూ తెరిచి ఉన్న కాలంలో, తనంతటివారే అయిన మరి ఇద్దరు ఎదురుగా ఉండగా గెలిచాడు గనుక, ఈ కాలానికి అతడే అత్యుత్తముడు. నచ్చినా నచ్చకపోయినా ఒప్పుకోవాలి. ఎవరి ఆట ప్రాణం పోసింది అన్నదానికి ఎవరి జవాబు వారిది. ఫెదరర్ అంటే ఎవరూ కాదనలేరు, కానీ అది తీర్పు కాదు, ఇష్టం. ఇష్టానికి సాక్ష్యాలు అవసరం లేదు; సాక్ష్యాలు వెతకడంతోనే అది అబద్ధమాడడం మొదలుపెడుతుంది. ఇక అన్ని కాలాలకూ కలిపి ఎవరు గొప్ప అన్నదానికి, తలుపులు మూసి ఉన్న సంవత్సరాలను చెరిపేసిన పట్టిక ఎన్నడూ జవాబు చెప్పలేదు.

ఇదంతా ఆటే కదా, ఇంత పట్టింపు ఎందుకు అనవచ్చు. తనకు నచ్చనివాడి ప్రతిభను ఒప్పుకోవడం నేర్చుకోవడానికి ఆటకన్నా చౌకైన బడి లేదు. ఇక్కడ ఓడితే పోయేది ఏమీ లేదు. ఇక్కడే ఒప్పుకోలేనివాడు సాహిత్యంలో, రాజకీయాల్లో, ఇంట్లో ఒప్పుకుంటాడని నమ్మడం కష్టం.

యారా నది ఒడ్డున, మెల్‌బోర్న్ పార్క్‌లో ప్రధాన స్టేడియానికి 2000 నుంచి ఉన్న పేరు రాడ్ లేవర్ అరీనా. జోకోవిచ్ పదిసార్లు కప్పు ఎత్తింది ఆ పేరు కిందే. 2006లో అదే కోర్టులో లేవర్ చేతుల మీదుగా కప్పు అందుకుంటూ ఫెదరర్ కన్నీళ్లు పెట్టుకున్నాడు. అప్పటికి అతడి ఖాతాలో ఏడు టైటిళ్లు, ఎదురుగా ఉన్న పెద్దాయన ఖాతాలో పదకొండు. ఆ కన్నీళ్లు ఆ నాలుగింటి తేడా కోసం వచ్చినవి కావు. తన దేవుడికి తెలిసిన ఆ సంగతి అభిమానికి తెలియాలంటే, అలమారలో రెండవ పుస్తకం తెరవాలి.