షార్లోట్ డ్రావే : పాండిత్యమునకు కొలత

మన పూర్వపండితులు తాము చెప్పిన ప్రతివిషయమునకును ప్రమాణము చూపుట ధర్మముగా నెంచిరి. మల్లినాథసూరి వ్యాఖ్యానములను చదివిన సోదరీమణులు, ఆయన మాటిమాటికి అమరకోశమును పేర్కొనుట నెఱుగుదురు. నేటి శాస్త్రజ్ఞులకును ఈ యాచారము కలదు. అయితే వారు దీనిని లెక్కకు గూడ తెచ్చిరి. 1964లో అమెరికాయందు యూజీన్ గార్ఫీల్డ్ అను నాతడు, ఏ వ్యాసమును ఎవరెవరు పేర్కొనిరో తెలుపు సూచికను ప్రకటించెను. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు మఱియొక కొలతను కల్పించెను. ఒకరి వ్యాసములలో 20 వ్యాసములు ఒక్కొక్కటి 20 మారులకు తక్కువగాక పేర్కొనబడినచో వారి యంకె 20. పదవుల నిచ్చునప్పుడు పలుతావుల నిట్టి యంకెలను చూచుచున్నారు. పండితుల కృషికి ఈ కొలత చాలునా? పిల్లల మూర్ఛరోగమును పరిశోధించిన యొక ఫ్రెంచి వైద్యురాలి చరిత్రము నుండి దీనికి సమాధానము దొరకును.

షార్లోట్ డ్రావే 1936లో జన్మించెను. మార్సేలు నగరమున ఆన్రీ గాస్తో అను ప్రసిద్ధనిపుణునియొద్ద పనిచేసి, 1965లో పిల్లల మూర్ఛలపై సిద్ధాంతవ్యాసమును సమర్పించెను. పిదప అచటి సెయింట్ పాల్ చికిత్సాలయమున చిరకాలము పనిచేసెను. అచటికి వచ్చు పసివారిలో కొందఱి తీరు వేఱుగా నుండుటను ఆమె కనిపెట్టెను. ఆరోగ్యముగా పెరుగుచున్న శిశువునకు ఏడాది నిండకమునుపే జ్వరముతో మూర్ఛ వచ్చును, చాలసేపు విడువదు, ఒక్కొక్కప్పుడు దేహమున నొక పార్శ్వమే కొట్టుకొనును. తరువాత జ్వరము లేకయే వచ్చును. క్రమముగా మాటయు బుద్ధివికాసమును మందగించును. ఇది సామాన్యమైన జ్వరపుమూర్ఛ కాదనియు, తక్కిన మూర్ఛలలో దీనిని కలుపరాదనియు 1978లో ఆమె వెల్లడించెను. ఆ వ్యాసము కొలదిపుటలది; ఫ్రెంచిభాషలో, ఫ్రెంచి వైద్యపత్రికలో వెలువడినది.

1989లో అంతర్జాతీయ మూర్ఛరోగసంఘమువారి వర్గీకరణమున నీ రోగమునకు ప్రత్యేకస్థానము లభించెను. రోగమును వేఱుపఱచుట తెలిసినపిమ్మట మందులను వేఱుపఱచి చూచుట సాధ్యమయ్యెను. లామోట్రిజిన్ అను మందు ఈ పిల్లలలో పలువురకు మూర్ఛలను హెచ్చించుచున్నదని 1998లో తేలెను. ఫ్రాన్సునందు స్టిరిపెంటాల్ అను మందును పరీక్షించి, ఫలితమును 2000లో ప్రకటించిరి. అంతకుమున్నిచ్చుచున్న మందులకు తోడుగా దానిని పుచ్చుకొన్న 21 మందిలో 15 మందికి మూర్ఛలు సగమునకు పైగా తగ్గెను. మందులేని ఉత్తిమాత్ర పుచ్చుకొన్న 20 మందిలో ఒక్కరికే తగ్గెను. 2001లో బెల్జియము శాస్త్రజ్ఞులు 7 మంది రోగులను పరీక్షించి, అందఱియందును ఎస్‌సీఎన్1ఏ అను జన్యువున లోపమును కనుగొనిరి. నరకణములలోనికి సోడియమును పోనిచ్చు ద్వారమును నిర్మించునది ఈ జన్యువు. మెదడులోని ఉద్రేకము నణచు కణములకు ఆ ద్వారము మిక్కిలి యవసరము. చెడిన ద్వారమును మఱింత మూయు మందు హాని చేయుటలో వింత యేమున్నది?

ఆ 7 మందిలోని లోపము తల్లిదండ్రులయందు కానరాలేదు. శిశువునందే క్రొత్తగా పుట్టినది. ఈ సంగతి తల్లులకు ముఖ్యము. బిడ్డకు మూర్ఛ వచ్చినచో గర్భిణిగా నున్నప్పుడు తల్లి తిన్నదానిని, తిరిగినచోటును తప్పుపట్టు వారు మన యిండ్లలో కొఱత లేదు. కొందఱు తల్లులు టీకా వేయించినందుకు తమ్ము తామే నిందించుకొందురు. టీకావలన మెదడు చెడినదని తలపబడిన 14 మందిని ఆస్ట్రేలియాలో పరిశోధించి, 11 మందియందు ఆ జన్యులోపమే యున్నదని 2006లో ప్రకటించిరి. టీకాజ్వరము మూర్ఛను కొంత ముందుగా బయటపెట్టవచ్చును గాని, రోగమునకు మూలము అది కాదు.

కాలక్రమమున నీ రోగమునకు డ్రావే పేరే నిలిచినది. వైద్యులు ఆమె పేరు నిత్యము వ్రాయుదురు. అయితే వారందఱును 1978 నాటి వ్యాసమును పేర్కొనరు. చిన్ననాట అమరము వల్లించినవారు మాటాడునప్పుడెల్ల అమరసింహుని తలతురా? విద్య అందఱిదైనపిమ్మట కర్త లెక్కనుండి జారిపోవును. అంతమాత్రమున ప్రమాణము చూపుట వ్యర్థమనరాదు. మార్సేలునందలి పరిశీలనము బెల్జియమునకును ఆస్ట్రేలియాకును చేరినది, ఒకరి కృషిని మఱియొకరు పేర్కొనుచు వచ్చుటచేతనే. అంకె ఆ దారిని చూపగలదు. దారిచివర ఒక తల్లి నిందనుండి విముక్తి పొందుటను చూపలేదు.

డ్రావే మొదటి సాధనము శ్రద్ధతో చూచుట. అది మనకును అలవడవలెను. బిడ్డకు మూర్ఛ వచ్చినప్పుడు ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. నోట నేమియు నుంచకుడు. 5 నిమిషములు దాటినచో వెంటనే వైద్యశాలకు చేర్పుడు. పిదప జ్వరమెంత, మూర్ఛ యెంతసేపు, ఏ పార్శ్వమున మొదలయ్యెను అను సంగతులను తేదీతో వ్రాసి వైద్యునికి చూపుడు. ఇచ్చుచున్న మందును మీయంతట మానుపకుడు. మూర్ఛలు తగ్గకున్నను హెచ్చుచున్నను, జన్యుపరీక్ష యవసరమా యని యడుగుటకు సంకోచింపకుడు.